తిథి తెలియని చావు

లిల్ నగరం దాటి దక్షిణంగా లాన్స్ దారి పట్టాక నేల చదునైపోతుంది. ఎటు చూసినా బీట్ దుంప చేలు, తవ్వి దారి పక్కన పోసిన దుంపల కుప్పలు, ఎర్ర ఇటుక గోడల చిన్న ఊళ్ళు. ఆ చదునులోంచి ఉన్నట్టుండి రెండు నల్లటి గుట్టలు లేస్తాయి. గోదావరిఖని చుట్టుపక్కల సింగరేణి మట్టిగుట్టల్ని చూసినవాళ్ళకి వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు. బొగ్గు పైకి తీశాక మిగిలిన రాయీ రప్పా ఏళ్ళ తరబడి పోసిన పోత ఇది. గనులు ఎప్పుడో మూతపడ్డాయి. 2012లో యునెస్కో ఈ గనుల సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుట్టల కింద ఉన్న ఊరు లూస్-ఆన్-గోహెల్.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 సెప్టెంబరు 25న, ఈ ఊరి పొలాల్లో ఒక పెద్ద పోరు మొదలైంది. బ్రిటిష్ సైన్యం విషవాయువును మొట్టమొదట వాడింది ఇక్కడే. గాలి అనుకున్నట్టు వీయనిచోట ఆ క్లోరిన్ వెనక్కి తిరిగి సొంత కందకాల మీదికే వచ్చింది. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, ఏమయ్యారో తెలియనివాళ్ళు అందరూ కలిపి బ్రిటిష్‌వాళ్ళ లెక్క 50 వేల దాకా తేలింది. గెలుచుకున్న నేల మాత్రం కొద్దిపాటిదే.

కారు నడుపుతున్నది మా అన్నయ్య కొడుకు. లిల్‌లో చదువుకుంటున్నాడు. "ఫ్రాన్స్ వచ్చినవాళ్ళంతా పారిస్ చూస్తారు, నువ్వేమో శ్మశానాలు చూస్తానంటావు. అక్కడ మనవాళ్ళెవరున్నారు బాబాయ్?" అన్నాడు. చూశాక చెబుతాలే అన్నాను.

లాన్స్ నుంచి బెతూన్ వెళ్ళే పెద్దరోడ్డు పక్కనే ఉంది డడ్ కార్నర్ శ్మశానవాటిక. పేలని గుండ్లు ఇక్కడ లెక్కలేనన్ని దొరికాయని సైనికులు ఆ చోటికి ఆ పేరు పెట్టారు. నడుమ సమాధి రాళ్ళ వరసలు. మూడు వైపులా మనిషికి రెట్టింపు ఎత్తున తెల్లరాతి గోడలు. ఆ గోడల మీద 20 వేలకు పైగా పేర్లు. వీళ్ళందరూ సమాధి లేనివాళ్ళు. ఈ చుట్టుపక్కల మట్టిలో ఎక్కడో ఉన్నారు, ఎక్కడో ఎవరికీ తెలియదు. లేదా ఇక్కడి సమాధుల్లోనే ఏ పేరూ లేని రాతి కింద ఉన్నారు.

పక్కనున్న మెట్లెక్కి పై అరుగు మీద నిలబడితే పొలాలన్నీ కనిపిస్తాయి. ఈశాన్యంగా, లాన్స్ నుంచి లా బాసే వెళ్ళే రోడ్డు దగ్గర, సుద్దరాయి తవ్విన ఒక గుంట, దాని పక్కన కాసిని చెట్లు. సైనిక పటాల్లో దాని పేరు చాక్ పిట్ వుడ్. ఆ పోరు మొదలైన మూడో రోజు, సెప్టెంబరు 27 మధ్యాహ్నం, ఐరిష్ గార్డ్స్ రెండో బెటాలియన్ ఆ చెట్ల వైపు దాడికి వెళ్ళింది. అందులో జాన్ కిప్లింగ్ అనే కుర్రాడున్నాడు. పద్దెనిమిదేళ్ళు నిండి ఆరు వారాలయింది. చెట్లు దాటి ముందుకు పోవడం చూసినవాళ్ళున్నారు. తిరిగి రావడం చూసినవాళ్ళు లేరు.

ఆ ఇంటిపేరు మన పాఠకులకు కొత్తది కాదు. 'జంగిల్ బుక్' రాసిన రుడ్యార్డ్ కిప్లింగ్ ఒక్కగానొక్క కొడుకు అతను. ఆ తండ్రి మన బొంబాయిలో పుట్టాడు. 1907లో నోబెల్ అందుకున్నాడు. సామ్రాజ్యం అంటే పడిచచ్చే మనిషి. 1899లో పెద్ద కూతురు జోసెఫీన్ ఆరేళ్ళ వయసులో న్యుమోనియాతో పోయింది. మిగిలినవాళ్ళు ఎల్సీ, జాన్.

జాన్‌కు చూపు బొత్తిగా ఆనదు. దళసరి కళ్ళద్దాలు లేకపోతే నాలుగడుగుల అవతలి మనిషిని పోల్చుకోవడం కష్టం. సైన్యం వైద్య పరీక్షలో పనికిరాడన్నారు. ఇంకో తండ్రయితే లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకునేవాడు. కిప్లింగ్ యుద్ధంలో చేరండని ఊరూరా ప్రసంగాలు చేస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని రమ్మని తన పిల్లవాణ్ణి ఇంట్లో ఎలా ఉంచుకోగలడు? పాత మిత్రుడు ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్‌ను అడిగాడు. రాబర్ట్స్ ఐరిష్ గార్డ్స్‌కు గౌరవ కల్నల్. ఆయన ఒక మాటతో కుర్రాడికి ఆఫీసరు ఉద్యోగం దొరికింది.

ఈ రాబర్ట్స్ తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతి, ఆ తర్వాత భారత సైన్యమంతటికీ సేనాధిపతి. దక్షిణాదివాళ్ళలో పోరాట పటిమ చచ్చిపోయిందని, సైన్యానికి ఉత్తరాది జాతులే తగినవని గట్టిగా నమ్మి, అలాగే నడిపించినవాడు. ఆ నమ్మకంతోనే మద్రాసు సైన్యంలో పటాలాలు తగ్గిపోయాయి, తెలుగువాళ్ళకు తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. ఆ అభిప్రాయాలన్నీ ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది అచ్చయిన 1897లోనే జాన్ పుట్టాడు. ఒక జాతి మొత్తాన్ని పనికిరారని పక్కన పెట్టిన చెయ్యే, వైద్యులు పనికిరాడన్న పిల్లవాణ్ణి స్నేహం కొద్దీ సైన్యంలో చేర్చింది. పోనీ కొడుకు పోవడమంటే ఏమిటో తెలియని మనిషా అంటే అదీ కాదు. ఆయన కొడుకు ఫ్రెడరిక్ 1899లో దక్షిణాఫ్రికా యుద్ధంలో పోయాడు. జాన్‌కు ఉద్యోగం ఇప్పించిన కొద్ది వారాలకే, 1914 నవంబరులో, ఫ్రాన్స్‌లో ఉన్న భారతీయ సైనికుల్ని పలకరించడానికి వచ్చి, ఇక్కడికి గంట దూరంలోని సెంటోమేర్‌లో న్యుమోనియాతో ఆయనా చనిపోయాడు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం ఊరి పేరు ముందు 'మిలిటరీ' అన్న మాట చేరేంతగా రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిందని తెలిసినవాళ్ళకు, ఆయన సిద్ధాంతం విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

మావాడు పై అరుగు మీంచి దిగకుండా అంతా విన్నాడు. "అయితే తండ్రే పంపినట్టు కదా" అన్నాడు. అవును, తండ్రే పంపాడు. జాన్‌కు కూడా వెళ్ళాలనే ఉంది, ఇష్టం లేకుండా తోసింది కాదు. కానీ అడ్డు పెట్టిన తలుపును తీసినవాడు తండ్రి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఏ పని చేసినా ఈ సంగతి పక్కనే ఉంది.

జాన్ ఫ్రాన్స్ నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. చొక్కాలు, మేజోళ్ళు, తినేవి పంపమని కుర్రతనపు కోరికలే ఎక్కువ. ఆ పోరుకు కొద్ది రోజుల ముందు రాసిన ఉత్తరంలో ఒక కోరిక మాత్రం చదివినప్పటి నుంచీ నన్ను వదలలేదు. మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళ పోగొట్టుకున్నాడట. దుకాణంలో దొరుకుతుంది, అల్యూమినియం బిళ్ళ, దారం ఎక్కించేందుకు ఒక చిల్లు ఉంటుంది, దాని మీద పేరు, మతం, రెజిమెంటు ఇలా చెక్కించాలి అని కాగితం మీద గీసి చూపించాడు. చచ్చిపోతే ఫలానావాడని చెప్పేది ఆ బిళ్ళే. ఆ బిళ్ళ లేని కుర్రాడు అది పంపమని అమ్మానాన్నలకు రాశాడు.

అక్టోబరు మొదట్లో ససెక్స్‌లోని బర్వాష్ ఊళ్ళో, వాళ్ళింటికి టెలిగ్రాం వచ్చింది. గాయపడ్డాడు, ఆచూకీ తెలియదు. అంతే. చనిపోయాడని లేదు, బతికున్నాడనీ లేదు.

ఇక అక్కణ్ణించి వెతుకులాట. కిప్లింగ్ దంపతులు ఆసుపత్రులకు తిరిగారు. ఐరిష్ గార్డ్స్‌లో గాయపడి వచ్చిన ప్రతి సైనికుణ్ణీ మంచం పక్కన కూర్చుని అడిగారు. మా అబ్బాయిని చూశావా, ఎక్కడ చూశావు, అప్పటికి నిలబడే ఉన్నాడా. ఒకడు కాలికి దెబ్బ తగిలిందన్నాడు, ఒకడు తలకన్నాడు, ఒకడు ఒక గుడిసెలోకి పాకుతూ పోయాడన్నాడు. రెడ్‌క్రాస్ ద్వారా జర్మన్ ఖైదీల జాబితాలు వెతికించారు. అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు కాబట్టి లండన్‌లోని అమెరికా రాయబారి చేత వాకబు చేయించారు. ఫలానా ప్రసిద్ధ రచయిత కొడుకు గురించి తెలిస్తే చెప్పండని జర్మన్ భాషలో కరపత్రాలు అచ్చువేసి, బ్రిటిష్ విమానాలతో జర్మన్ కందకాల మీద జల్లించారు. ప్రపంచంలో ఒక తండ్రికి ఎంత పలుకుబడి ఉండగలదో అంతా ఆయనకు ఉంది. అదంతా ఖర్చుపెట్టినా ఒక్క వాక్యం రాలేదు.

ఒక వాక్యం వచ్చేదే, కానీ మధ్యలో ఆగిపోయింది. ఆయన మిత్రుడు, నవలాకారుడు రైడర్ హాగర్డ్ కూడా సైనికుల్ని విచారించాడు. ఒకడు చెప్పాడు: నోరు పగిలిన ఒక ఆఫీసరు తన గాయానికి తనే కట్టు కట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు, నొప్పి ఓర్చుకోలేక ఏడుస్తున్నాడు, అతను కిప్లింగే అనుకుంటాను, సాయం చేద్దామనుకున్నాను గాని ఏడుస్తుండగా చూశానని సిగ్గుపడతాడేమోనని ముందుకు నడిచిపోయాను. హాగర్డ్ దీన్ని డైరీలో రాసుకున్నాడు. కిప్లింగ్‌కు మాత్రం చెప్పలేదు. చెప్పకుండా ఉండడం మంచి స్నేహమేనని నాకనిపిస్తుంది. తెలియకపోవడం కన్నా ఏదో ఒకటి తెలియడం మేలని అందరూ అంటారు. ఈ సంగతి తెలిసిన తండ్రి మర్నాడు ఎలా లేస్తాడో మాత్రం నేను ఊహించలేను.

మా అమ్మమ్మగారి ఊళ్ళో నా చిన్నప్పుడు ఒక పెద్దావిడ ఉండేది. పెళ్ళయిన నాలుగైదేళ్ళకు భర్త సైన్యంలో చేరి మలయా వెళ్ళాడు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్‌వాళ్ళ వశమైంది. ఆ తర్వాత ఆయన సంగతి ఏమీ తెలియలేదు. జాడ లేదన్న కాగితం వచ్చింది, కొన్నాళ్ళకు డబ్బులూ వచ్చాయి. ఆవిడ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. తీయమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కానీ పేరంటాల దగ్గర చిక్కొచ్చేది. పసుపు రాయాలా వద్దా, వాయనం ఇవ్వాలా వద్దా అని పిలిచినవాళ్ళు తడబడేవాళ్ళు. ఆ తడబాటు చూడలేక ఆవిడే ఒక పద్ధతి పెట్టుకుంది. అందరూ వెళ్ళిపోయాక దొడ్డిదారిన వచ్చి, శనగలు కొంగులో కట్టించుకుని పోయేది.

మన పద్ధతిలో చావుకు ఒక తిథి కావాలి. తద్దినం ఆ తిథికే పెడతారు. మనిషి వెళ్ళిపోయి పన్నెండేళ్ళు ఏ కబురూ లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించమని శాస్త్రం చెబుతుంది. తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉంది. ఆ పెద్దావిడ కొడుకు పెద్దవాడయ్యాక బ్రాహ్మణుల్ని అడిగి ఆ అమావాస్యకు తర్పణం వదలడం మొదలుపెట్టాడు. ఆ రోజు మాత్రం ఆవిడ వంటింట్లోకి అడుగుపెట్టేది కాదు. "మీ నాన్న పోయినట్టు నాకెవరూ చెప్పలేదు, నువ్వు పెట్టుకుంటే పెట్టుకో" అనేది. సింగపూర్‌లోని క్రాంజీలో కూడా ఇలాంటి గోడలున్నాయి, సమాధి లేని 24 వేల మందికి పైగా పేర్లున్నాయి. ఆయన పేరు అక్కడ ఉందో లేదో ఆ ఇంటివాళ్ళెవరూ వెళ్ళి చూడలేదు.

జాన్ తల్లి కేరీ కిప్లింగ్‌ది కూడా అదే పరిస్థితి. ఖైదీగా ఉండి ఉంటాడు, గాయం వల్ల గుర్తు తప్పి ఉంటుంది అని యుద్ధం సాగినన్నాళ్ళూ ఏదో ఒక ఆశ. యుద్ధం ముగిసి ఖైదీలంతా ఇళ్ళకు వచ్చారు. జాన్ రాలేదు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడికి వచ్చి ఈ పొలాల్లో, ఆ సుద్దగుంట చుట్టూ తిరిగి చూసుకున్నారు.

డడ్ కార్నర్ నుంచి ఉత్తరంగా నాలుగైదు కిలోమీటర్లు పోతే ఏన్ ఊరి పొలాల మధ్య సెంట్ మేరీస్ ఏడీఎస్ శ్మశానవాటిక. ముందువరస చికిత్సా కేంద్రం ఉన్న చోటు. ఇక్కడి సమాధుల్లో మూడింట రెండొంతులకు పైగా పేరు లేనివే. సమాధి రాళ్ళన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. కెప్టెన్‌కూ అంతే, సిపాయికీ అంతే. చిత్తడి గాలికి రాళ్ళ మీద పచ్చగా నాచు పట్టింది. తోటమాలి ఒకాయన బకెట్టు పక్కన పెట్టుకుని మెత్తటి బ్రష్షుతో ఒక్కో అక్షరం గుంటనూ రుద్దుతున్నాడు. మేం అడక్కుండానే చేత్తో చూపించాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది వెతికే రాయి ఒకటే.

ఏడో మడి, నాలుగో వరస, రెండో సమాధి. 1992 వరకు ఆ రాతి మీద ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంట్ అని మాత్రమే ఉండేది. యుద్ధ సమాధుల సంఘంవాళ్ళు పాత కాగితాలు తిరగేసి, శవం దొరికిన చోటు రాసుకోవడంలో పొరపాటు జరిగిందని, అతను జాన్ కిప్లింగేనని తేల్చి, పేరు చెక్కించారు. కాదన్నవాళ్ళున్నారు. చనిపోయేనాటికి జాన్ భుజం మీద లెఫ్టినెంటు గుర్తు లేదు, ఆ పదోన్నతి తర్వాతే ప్రకటించారు అని వాళ్ళ వాదన. అవునన్నవాళ్ళు మళ్ళీ పరిశోధించి సంఘం చెప్పిందే నిజమన్నారు. రాయి అలాగే ఉంది. నాకు ఆ వాదనలో దిగాలని లేదు. కొడుకు సమాధి ముందు ఒక్కసారి నిలబడాలని ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి 1936లో చనిపోయాడు, భార్య 1939లో చనిపోయింది, ఎల్సీ 1976లో చనిపోయింది. పేరు చెక్కేనాటికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఎదురుచూస్తూ కిప్లింగ్ ఖాళీగా కూర్చోలేదు. 1917లో యుద్ధ సమాధుల సంఘంలో సభ్యుడయ్యాడు. అప్పటికే ఒక నిర్ణయం అయిపోయింది: ఎవరి శవాన్నీ ఇంటికి తీసుకెళ్ళకూడదు. డబ్బున్నవాడు కొడుకును తెచ్చుకుని, లేనివాడు తెచ్చుకోలేకపోతే ఆ తేడా భరించరానిదని సంఘం అనుకుంది. రాళ్ళన్నీ సమానంగా ఉండాలన్నదీ అందుకే. తల్లులు చాలామంది గోలపెట్టారు, మా పిల్లవాడు మీ సొత్తా అని అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే. ఆ తల్లులకు జవాబు చెప్పేటప్పుడు కిప్లింగ్‌కు ఒక అధికారం ఉంది, ఆయనకు ఆ సమాధి కూడా లేదు. గుర్తు తెలియని సైనికుల రాళ్ళ మీద చెక్కే మాట, ఇతనెవరో దేవుడికి తెలుసు అన్న అర్థం వచ్చేది, ఆయన ఎంపిక చేసిందే. లక్షల రాళ్ళ మీద అది ఉంది. ఐరిష్ గార్డ్స్ రెండు బెటాలియన్ల యుద్ధ చరిత్రను అయిదేళ్ళకు పైగా కష్టపడి రాశాడు, 1923లో రెండు సంపుటాలుగా వచ్చింది. సెప్టెంబరు 27 నాటి దాడిని వర్ణించే చోట కొడుకు గురించి ఉన్నది ఒక వాక్యంలో చివరి ముక్క. గాయపడ్డవాళ్ళ పేర్ల వరసలో గాయపడి కనబడకుండా పోయినవాడని రాసి ముందుకు వెళ్ళిపోయాడు. అన్ని పేజీలూ ఆ ఒక్క ముక్క రాయడానికే రాశాడేమోనని నా అనుమానం.

మధ్యాహ్నం దాటాక లా బాసే మీదుగా నవ్-షాపెల్ చేరాం. మావాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

లా బోంబ్ అనే నాలుగు రోడ్ల కూడలి. లారీలు ఆగకుండా పోతున్నాయి. రోడ్డు మలుపులోనే గుండ్రటి రాతి ప్రాకారం, సగం జాలీ పని, సగం గోడ. ముందు పదిహేను మీటర్ల ఎత్తు స్తంభం, దాని తల మీద పద్మం, అటూ ఇటూ రెండు రాతి పులులు. సాంచీ ప్రాకారాన్ని మనసులో పెట్టుకుని హెర్బర్ట్ బేకర్ కట్టాడు. కొత్త ఢిల్లీ సచివాలయ భవనాలు ఆయనవే, పొద్దున మేం చూసిన డడ్ కార్నర్ గోడలూ ఆయనవే. స్తంభం మీద దేవుడొక్కడే, గెలుపు ఆయనదే అన్న అర్థంలో ఇంగ్లీషు, అరబీ, హిందీ, గురుముఖి రాతలు. లోపలి గోడ మీద 4,700కు పైగా పేర్లు. వీళ్ళకీ సమాధి లేదు. మీరట్, లాహోర్ డివిజన్లతో 1914 శరత్తులో వచ్చి, పత్తి బట్టల్లో వణుకుతూ కందకాల్లో దిగినవాళ్ళు. ఫ్రాన్స్, బెల్జియంలకు అప్పట్లో మన దేశం నుంచి 1,30,000 మందికి పైగా వచ్చారు. 1915 మార్చి 10న ఈ ఊరి మీద జరిగిన దాడిలో సగం బలగం మనవాళ్ళదే.

వేలితో తడుముకుంటూ పేర్లు చదివాను. నేగీలు, రావత్‌లు, గురుంగ్‌లు, థాపాలు, సింగ్‌లు, ఖాన్‌లు. తెలుగు పేరు నా కంట పడలేదు. రాబర్ట్స్ చేసిన పని గోడ మీద కూడా కనిపిస్తోందనుకున్నాను. గఢ్వాల్ రైఫిల్స్ పలక మీద గబర్ సింగ్ నేగీ పేరు దగ్గర ఆగాం. ఆ మార్చి 10నే పోయాడు, తర్వాత విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అంత పెద్ద పతకం వచ్చినా శవం మాత్రం దొరకలేదు. భార్య సతూరీ దేవి టిహరీ గఢ్వాల్‌లోని చంబా దగ్గర ఊళ్ళో బతికినన్నాళ్ళూ ఆ పతకాన్ని ఒంటి మీద ధరించి తిరిగిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చంబాలో ఏటా ఏప్రిల్‌లో ఆయన పేరిట మేళా జరుగుతుంది.

మిగిలిన 4,700 ఇళ్ళ సంగతేమిటి? ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అడగడానికి ఏ తల్లి సముద్రం దాటగలదు? విమానంతో కాగితాలు ఎవరు జల్లిస్తారు? చాలామంది సిపాయిలకు చదువు రాదు, రాయగలిగినవాడి చేత రాయించుకుంటే ఆ ఉత్తరం ముందు సెన్సారు ఆఫీసరు చేతిలో పడేది. ఆ సెన్సారు ఉత్తరాల నకళ్ళు ప్రభుత్వం కిప్లింగ్‌కు కూడా చదవడానికి ఇచ్చింది. వాటిని పట్టుకుని ఆయన భారతీయ సిపాయిలు రాసినట్టుగా 'ది ఐస్ ఆఫ్ ఏషియా' అనే చిన్న పుస్తకం కల్పించి రాశాడు. అందులో సిపాయిలు సామ్రాజ్యాన్ని మెచ్చుకుంటారు. అసలు ఉత్తరాల్లో, ఇక్కడికి ఎవరూ రావద్దు, తమ్ముణ్ణి సైన్యంలో చేరనివ్వకండి అని మొత్తుకున్నవాళ్ళున్నారు. కొడుకు కోసం గుండె పగిలిన మనిషి ఆ మాటలు చదివి కూడా అవి వినిపించేలా రాయలేకపోయాడు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

1927 అక్టోబరు 7న ఈ స్మారకాన్ని ఆవిష్కరించినప్పుడు కిప్లింగ్ ఇక్కడ నిలబడ్డాడు. మార్షల్ ఫోష్ వచ్చాడు, కపుర్తలా మహారాజు వచ్చాడు. ఈ గుండ్రటి ప్రాకారంలో ఆ రోజు ఆచూకీ లేని కొడుకు తండ్రిగా ఆయన ఈ పేర్లను చూసి ఉంటాడు. అదే మనిషి, అమృత్‌సర్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ కోసం 'మార్నింగ్ పోస్ట్' పత్రిక 26 వేల పౌండ్ల దాకా పోగుచేసినప్పుడు చందా ఇచ్చాడు. జలియన్‌వాలా బాగ్ ఉన్న పంజాబు నుంచే ఈ గోడ మీది సిపాయిల్లో చాలామంది వచ్చారు. ఆయన దుఃఖం నిజం, ఆ చందా కూడా నిజం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

1915లోనే హైదరాబాదులో ఒక స్త్రీ ఈ సిపాయిల ఇళ్ళ గురించి ఆలోచించింది. హైదరాబాదు మహిళల యుద్ధ సహాయ సంఘం కోసం ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' అనే కవిత రాసింది. దూరదేశాల మట్టిలో పోయిన కొడుకుల తల్లి గొంతుతో, మా త్యాగం రేపు గుర్తుంచుకుంటారా అని అడిగిన కవిత. ఆవిడ అడిగిన రేపు వచ్చాక ఇక్కడ ఒక గోడ కట్టారు, పంజాబులో కాల్పులు జరిపారు.

"మనవాళ్ళెవరున్నారని అడిగావు కదా" అన్నాను. మావాడు తలూపాడు. ఫోనులో గోడ ఫొటోలు తీస్తూ, ఒక్కో పలకను వరసగా, ఏ పేరూ తప్పిపోకుండా తీశాడు. ఎందుకురా అంటే "ఎవరైనా అడిగితే పంపడానికి" అన్నాడు.

చీకటి పడేలోగా ఇంకో చోటు చూడాలని ఉత్తరంగా లావెంతీ వెళ్ళాం. 2016లో ఇక్కడికి దగ్గర్లోని రిష్‌బూర్ వద్ద తవ్వుతుంటే ఇద్దరు సైనికుల ఎముకలు బయటపడ్డాయి. భుజాల మీది లోహపు గుర్తులను బట్టి 39వ గఢ్వాల్ రైఫిల్స్‌వాళ్ళని తెలిసింది. పేర్లు తెలియలేదు. 2017 నవంబరులో, గఢ్వాల్ రైఫిల్స్ నుంచి వచ్చినవాళ్ళ సమక్షంలో, వాళ్ళను లావెంతీ సైనిక శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ రెండు సమాధుల దగ్గర నిలబడి మావాడు అడిగాడు: "వీళ్ళ పేర్లు ఇందాకటి గోడ మీద ఉండే ఉంటాయి కదా బాబాయ్?"

ఉండే ఉంటాయి. గఢ్వాల్ రైఫిల్స్ పలకల మీది పేర్లలో ఏవో రెండు. ఏ రెండో తెలియదు.

లూస్ చుట్టూ ఇప్పటికీ ఎముకలు దొరుకుతూనే ఉన్నాయి. లాన్స్ కొత్త ఆసుపత్రికి నేల చదును చేస్తే సైనికులు బయటపడ్డారు, వాళ్ళ కోసం లూస్‌లో కొత్త సమాధుల స్థలం ఏర్పాటు చేసి 2024లో తెరిచారు. బ్రిటిష్ రక్షణశాఖలో ఇందుకోసమే ఒక విభాగం ఉంది. దొరికిన చోటును, బొత్తాలను, బూట్లను బట్టి ఏ బెటాలియనో పట్టుకుని, ముని మనవల్ని వెతికి, డీఎన్‌ఏ పోల్చి, వీలైనన్ని పేర్లు తేలుస్తారు. గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం ఉత్తరాఖండ్‌లోని లాన్స్‌డౌన్‌లో ఉంది. సిపాయిలు వచ్చిన ఊళ్ళు పౌడీ, చమోలీ, టిహరీ కొండల్లో ఉన్నాయి. ఆ ఊళ్ళకు వెళ్ళి, మీ ముత్తాతల్లో 1915లో ఫ్రాన్స్ వెళ్ళి రానివాడున్నాడా, ఉంటే కాస్త నమూనా ఇస్తారా అని ఇంటింటా అడగాలి. కిప్లింగ్ అంత పలుకుబడి దీనికి అక్కర్లేదు. ఒక జీపు, ఇద్దరు మనుషులు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.